రేకుల ఇంటి ఆంప్లిఫైయర్

సా దెక్,
మార్చి 10, 1997.

దియెప్ అక్కా,

కొత్త ఏడాది టెట్ పండక్కి నువ్వు పంపిన గుడ్డ కుట్టించుకున్నాను. చంకల దగ్గర కాస్త పట్టేసింది, అయినా బాగుంది. పూలనారు ఈసారి బాగానే అమ్ముడుపోయింది. ఇవన్నీ రాయాలి కాబట్టి రాశాను. ఇక అసలు సంగతి. మా ఆయన ఆదివారాలు ఇంట్లో ఉండడం లేదు.

నవ్వకు. తాగడానికి పోయినా నాకింత బాధ ఉండేది కాదు. తాగుబోతు మొగుడైతే చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ నా వైపు ఉంటారు. ఈయన పాటలు వినడానికి పోతున్నాడు. పాటలు వినే మొగుణ్ణి తిడితే నన్నే వింతగా చూస్తారు.

కాలవ అవతల కిమ్ లోన్ అనే ఆవిడ కాఫీ కొట్టు తెరిచింది. భర్త పోయాడు. ఒకప్పుడు నాటకాల కంపెనీతో ఊరూరా తిరిగి వొంగ్ కో పాటలు పాడేదట. కొట్లో ఒక ఆంప్లిఫైయర్ ఉంది. నీలం దీపాలు వెలుగుతుంటాయి, పాటకి తగ్గట్టు రెండు ముళ్ళు ఊగుతుంటాయి. మగాళ్ళంతా గ్లాసులు ముందు పెట్టుకుని నోళ్ళు తెరుచుకుని కూర్చుంటారు. ఆ ముళ్ళని చూస్తున్నారో ఆమెని చూస్తున్నారో వాళ్ళకే తెలియాలి.

మాకు స్పీకర్లు ఉన్నాయి, నీకు గుర్తుందిగా, మామగారు పనసచెక్కతో చేయించినవి. వాటిని పాడించే ఆంప్లిఫైయర్ మొన్నటి వరదలో మునిగి చచ్చింది. అప్పటి నుంచి వాటి మీద నేను పూలకుండీలు పెడుతున్నాను. నిన్న పొద్దున్నే నేను బుట్టలు సర్దుకుంటుంటే ఈయన తల దువ్వుకుంటున్నాడు.

"ఎక్కడికి?"

"పాటలకి."

"ఇంట్లో వినకూడదా?"

"దేంట్లో వినమంటావ్? నీ బంతిపూల కుండీలోనా?" అని గడప దాటేశాడు తొవాన్.

నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. అందుకే రాస్తున్నాను. బావకి బజారులో అదే వ్యాపారం కదా. క్యాసెట్టు పాడించేది కూడా లోపలే ఉండి, అన్నీ ఒకే పెట్టెలో ఉండే ఆంప్లిఫైయర్ ఒకటి చూడమను. చవగ్గా ఉండాలి. కానీ కిమ్ లోన్ దానికంటే పెద్దగా కనిపించాలి. ముళ్ళుండాలి. దీపాలు నీలం తప్ప ఏ రంగైనా ఫర్వాలేదు.

హుయె


సైగాన్, న్యత్ తావ్ బజారు,
మార్చి 21.

చిన్నీ,

నీ ఉత్తరం కొట్లో కూర్చుని చదివి పైకే నవ్వాను. పక్క కొట్టువాడు "ఏంటక్కా?" అన్నాడు. "మా చెల్లెలు మొగుణ్ణి కట్టేయడానికి తాడు కొంటోంది, ఎన్ని వాట్లుండాలని అడుగుతోంది" అన్నాను.

ముళ్ళూ దీపాలూ చూసి కొనేవాళ్ళ వల్లే మా బజారు బతుకుతోంది. నువ్వు మాత్రం వాళ్ళలో చేరకు. ఆంప్లిఫైయర్‌ని ముందు చేతుల్తో ఎత్తి చూడాలి. బరువుగా ఉంటే లోపల సరుకున్నట్టు. తేలిగ్గా ఉండి ముందువైపు తళుకులుంటే అక్కడే వదిలేయాలి. సౌండు గుండీ మెల్లగా తిప్పితే గరగరమనకూడదు. కాసేపు పాడించి పైన అరచెయ్యి పెడితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. నీ ఇంటికి ముప్ఫై వాట్లు చాలు. వంద వాట్లు పెట్టి కాలవ అవతలికి వినిపించాలని నీ మనసులో ఉంటే, అది మోటు సరసం. మీ ఇంటి గోడలు ఊగుతాయి తప్ప ఆమె కొట్టు మూతపడదు.

సంగతి మీ బావతో చెప్పాను. ఎప్పట్లా "ఊఁ" అని ఊరుకుంటాడనుకున్నాను. స్క్రూడ్రైవరు కింద పెట్టి నా వైపు తిరిగాడు. "పైన రేకులా, పెంకులా? నేల సిమెంటా? స్పీకర్లలో అదిరే గుండ్రటి కాయితం చిరిగిందా? తలుపు ఏ వైపు? తొవాన్ ఎక్కడ కూర్చుని వింటాడు?" అని వరసపెట్టి అడిగాడు. ఈ మధ్య నాతో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడిన గుర్తు లేదు. అన్నిటికీ జవాబులు రాయి.

అక్క


సా దెక్,
ఏప్రిల్ 4.

అక్కా,

పైన రేకులు. నేల సిమెంటు. ఎడమ స్పీకరు కాయితం అంచు కాస్త లేచింది, జిగురు పెట్టాను. తలుపు కాలవ వైపు. తొవాన్ ఎక్కడ కూర్చుంటాడని అడిగారా? కిమ్ లోన్ కొట్లో, గోడ పక్క ఎర్ర కుర్చీలో కూర్చుంటాడని చెప్పు.

అవును, వెళ్ళి చూశాను. మొన్న ఆదివారం పూలు అమ్మే వంకతో అటు వెళ్ళాను. ఆయన అడక్కుండానే ఆమె కాఫీలో చిక్కటి పాలు పోసింది. ఎంత పోయాలో అంతే పోసింది అక్కా. చెంచా ఎత్తి ఆపేసింది, ఆయన తల ఊపాడు. ఆ కొలత తెలుసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఎక్కువైతే మొహం చిట్లిస్తాడు, తక్కువైతే తాగకుండా లేస్తాడు. ఆమెకి కొన్ని వారాల్లోనే వచ్చేసింది.

ఆమె మోటుగా ఉంటుందని ఆశపడ్డాను. లేదు. మెడ సన్నగా ఉంది. నా దగ్గర చామంతులు కొంది, బేరం కూడా ఆడలేదు. బేరమాడితే నాలుగు మాటలనడానికి నాకు వీలుండేది. నన్ను చూసి తొవాన్ "ఇక్కడికొచ్చావేంటి?" అన్నాడు. "పూలకి" అన్నాను. ఆయన మాట ఆయనకే అప్పజెప్పాను, కానీ ఇంటికొచ్చాక ఏడ్చాను.

బావని తొందరపెట్టు. వానలు మొదలయ్యేలోపు నా మొగుడు నా ఇంట్లో కూర్చోవాలి.

హుయె


సైగాన్,
మే 5.

చిన్నీ,

మెషీను ఇంకా కుదరలేదు. సరుకు లేక కాదు. జపాన్ నుంచి పాతవి దిగుతూనే ఉన్నాయి. మీ బావకే ఏదీ నచ్చడం లేదు.

రోజూ ఒకటి ఇంటికి మోసుకొస్తున్నాడు. అన్నం ముందు పెట్టుకుని వింటాడు, చారు చల్లారిపోతుంది. "ఇది బాగానే ఉందిగా?" అంటే, "రేకుల కింద గీరుకుంటుంది. హుయె చెవులు నొప్పెడతాయి" అంటాడు. ఇంకోటి తెస్తాడు. "దీని గొంతు మెత్తన, కానీ ఆ స్పీకర్లని లాగలేదు" అంటాడు. మొన్నయితే మా గదిలో పైన రేకు ముక్కలు కట్టి విన్నాడు. అబద్ధం కాదు, కట్టాడు. నిచ్చెన నేనే పట్టుకున్నాను.

మా ఇంట్లోకి మెషీన్లు వస్తాయి, పోతాయి. అన్నీ అమ్మకానివే. ఒకదాని గొంతు చెవికి అలవాటయ్యేలోపు అది అట్టపెట్టెలోకి వెళ్ళిపోతుంది. నేను వంటింట్లో వినేది చేతి రేడియో. దాని ఏరియల్ విరిగితే గొడుగు పుల్ల కట్టుకున్నాను. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు.

అటూ ఇటూ కబుర్లు మోసే ఓపిక నాకు లేదు. ఇంకేమైనా కొలతలుంటే ఆయనకే రాయి. చిరునామా ఇదే.

దియెప్


సా దెక్,
మే 20.

అక్కా,

నువ్వు చెప్పినట్టే బావకి రాశాను. ఎంత మంచి జవాబు రాశారో! రెండు కాయితాలు. స్పీకర్లు గోడకి ఎంత ఎడంగా ఉండాలో, కింద ఏ ఇటుకలు పెట్టాలో, మంచం ఏ మూలకి జరపాలో బొమ్మ వేసి పంపారు. నా ఇంటి గురించి ఒక మగాడు ఇంత శ్రద్ధగా ఆలోచించడం ఇదే మొదటిసారి. నువ్వు అదృష్టవంతురాలివి అక్కా.

అసలు తమాషా విను. ఆ కాయితాలు తొవాన్ కంట పడ్డాయి.

"మన మంచం ఎక్కడుండాలో మీ బావకెందుకంట?"

"పాట సరిగ్గా వినపడాలంటే తెలియాలిగా."

"మంచానికి వినపడాలా పాట?"

"నన్నడుగుతావేం? ఆయన్నే అడుగు. నువ్వు ఇంజన్లు బాగుచేస్తావు, ఆయన పాటలు బాగుచేస్తారు."

ఇక చూడు మొహం! పడవ ఇంజనులా పొగ వదిలాడు. ఆ ఆదివారం నేను సంత నుంచి వచ్చేసరికి ఇంట్లోనే ఉన్నాడు. కొట్టుకి వెళ్ళలేదు. ముఖం మాడ్చుకుని ఉయ్యాలలో పడుకున్నాడు. పలకరిస్తే పలకడు. ప్రాణం ఎంత హాయిగా ఉందో తెలుసా? నన్ను చూసి కూడా ఒకడు కుళ్ళుకుంటాడన్నమాట. హు తియు నూడుల్స్ వండి పెడితే రెండు గిన్నెలు తిన్నాడు, కోపంగానే తిన్నాడు.

అందుకని బావకి ఇంకో ఉత్తరం రాశాను. అడగాల్సింది పెద్దగా ఏమీ లేదనుకో.

హుయె


సైగాన్,
జూన్ 9.

హుయెకి,

ఆంప్లిఫైయర్ కుదిరింది. గురువారం పొద్దుటి బస్సుకి వేస్తున్నాం. ఫెర్రీ దాటి సాయంత్రానికి మీ బస్టాండుకి చేరుతుంది. తొవాన్‌ని పంపు, బరువుంటుంది.

జాగ్రత్తగా చదువు. ఇది జపాన్ వాళ్ళు తమ ఇళ్ళ కోసం చేసుకున్నది, వంద వోల్టులది. మన గోడలో వచ్చేది రెండొందల ఇరవై. వెనకాల స్విచ్చు తిప్పి మార్చుకునే రకం దొరుకుతుంది కానీ దాని ధర నీకు అందదు. చవగ్గా మంచిది కావాలంటే ఇదే దారి. దీంతో పాటు వోల్టేజీ తగ్గించే చిన్న ఇనప పెట్టె ఉంటుంది. ఆ పెట్టె గోడకి పెట్టాలి, మెషీను ఆ పెట్టెకి పెట్టాలి. నేరుగా గోడకి పెడితే మెషీను పోతుంది. ఎర్ర సిరాతో రాసి ప్లగ్గుకి అతికించాను. లాభం ఏమీ వేసుకోలేదు. ఆయన వద్దన్నాడు.

పంపేముందు దాన్ని తుడిచాడు. నేను మొహం తుడుచుకునే తువ్వాలు పెట్టి తుడిచాడు. తనే వచ్చి బిగించి వెళ్తానన్నాడు. వెళ్ళమన్నాను. నేను ఎలా అన్నానో గాని, మానేశాడు.

ఇంకొకటి. నీ రెండో ఉత్తరం ఆయన చొక్కా జేబులో ఉంటే ఉతకబోయేముందు తీసి చదివాను. "బావా, కాలవ వైపు కిటికీకి తెర కట్టాలా, వద్దా?" అని అడిగావు. ఆ ఇంట్లో నేను పడుకున్నాను, అన్నం తిన్నాను. మీ ఇంటికి ఆ వైపు కిటికీయే లేదు.

దీనికి జవాబు అక్కర్లేదు.

దియెప్


సా దెక్,
జులై 2.

అక్కా,

అక్కర్లేదన్నా రాస్తున్నాను. లేని కిటికీకి తెర అడిగింది తొవాన్ చూడాలని. ఉత్తరం అంటించకుండా బల్ల మీద పెట్టింది కూడా అందుకే. బావ మనసులో ఏదో ఉందని నేననుకోలేదు, నువ్వూ అనుకోకు. ఆయనకి రేకుల కప్పు దొరికింది, దాంతో ఆడుకున్నారు. నీకు ఎలా ఉంటుందో మాత్రం నేను తలుచుకోలేదు. నా మంట నాకే సరిపోయింది.

ఆంప్లిఫైయర్ సంగతి చెప్తాను, కూర్చుని చదువు. శుక్రవారం పొద్దున తెచ్చాడు తొవాన్. భుజం మీద పెట్టుకుని, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. ఆదివారం సంత మానేసి నేను ఇల్లు కడిగాను. ఈయన వీధి వీధంతా పిలిచొచ్చాడు. కిమ్ లోన్‌ని కూడా! ఆమె రంబూటాన్ పళ్ళు పట్టుకుని, తన క్యాసెట్టు ఒకటి తీసుకుని వచ్చి, సరిగ్గా స్పీకర్ల ఎదురుగా కూర్చుంది. నా ఇంట్లో, నేను కొన్న మెషీను ముందు, మొదటి వరసలో.

నేను నీ ఎర్ర సిరా కాయితం చూపించాను. "బావ ముందు చిన్న పెట్టె పెట్టమన్నారు."

"ఇంజన్లు విప్పి బిగించేవాడికి ప్లగ్గు పెట్టడం కూడా మీ బావే నేర్పాలా?"

"అది కాదు, వంద వోల్టులట..."

"మంచం ఎక్కడెయ్యాలో ఆయనే చెప్పాడు, ప్లగ్గు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చెప్తాడా? నా ఇంటికి మొగుణ్ణి నేనా, మీ బావా?"

అందరూ నవ్వారు. ఈయన కాయితం పీకి, చిన్న పెట్టెని కాలితో పక్కకి నెట్టి, నేరుగా గోడకి పెట్టేశాడు.

పాడింది అక్కా. ఒక పాదం పాడింది. గొంతు తేనెలా వచ్చి రేకుల కింద నిండిపోయింది. ఆ పాదం పూర్తయ్యేలోపే టప్పుమని పేలింది. పొగ వచ్చింది, మాడిన రబ్బరు వాసన.

మొదట నోరు విప్పింది కిమ్ లోనే. "మా ఇంట్లో మొదటిది కూడా ఇలాగే పోయింది తమ్ముడూ. ఊళ్ళో ఎవరూ ఆ చిన్న పెట్టెని నమ్మరు. మా ఆయనా నమ్మలేదు" అంది. ఆ "తమ్ముడూ" అన్న మాటకి నాకు కాస్త ఊపిరాడింది. పూర్తిగా నమ్మానని చెప్పను.

అందరూ వెళ్ళాక తొవాన్ దాని ముందు చతికిలబడ్డాడు. తిట్టాలనే దగ్గరికి వెళ్ళాను.

"నీకేది బాగుంటుందో మీ బావకెందుకు తెలియాలి?" అన్నాడు.

"నువ్వు తెలుసుకోవచ్చుగా? ఆదివారం ఆదివారం ఆ కుర్చీకి అతుక్కుపోకుండా."

"ఇంట్లో ఎవరున్నారని ఉండను? వారమంతా ఇంజన్ల గోల వింటాను. సెలవు పూట నువ్వు పొద్దున్నే బుట్టలేసుకుని సంతకి పోతావు. ఖాళీ ఇంట్లో నీ కుండీలతో కబుర్లు చెప్పనా?"

నిజమే కదా. ఆదివారాలు ఆయన ఇంట్లో ఉండడని నీకు ఇన్ని ఉత్తరాలు రాశాను. నేనుంటున్నానా? ఆ ముక్క ఒక్కసారైనా నీకు రాశానా?

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చదివాను. "చిన్నీ" కాస్తా "హుయెకి" అయింది. గొడుగు పుల్ల రేడియో, తువ్వాలు, చల్లారిన చారు. నాకు బాగా తెలిసిన జబ్బే కాబట్టి గుర్తుపట్టాను. నువ్వు పాటల బజారులో కూర్చుని ఆకలితో ఉన్నావక్కా.

అందుకని తొవాన్ ఆ మెషీను తీసుకుని సైగాన్ వస్తున్నాడు. బావ చేత బాగు చేయించండి. కానీ మాకు తిరిగి పంపొద్దు. నీ ఇంట్లో పెట్టుకో, అమ్మకానికి కాదు. నా డబ్బుతో కొన్నది, నా ఇష్టం. మా ఇంటికి ఏది సరిపోతుందో ఇంత బాగా తెలుసుకున్న మనిషి, తన ఇంటికి ఏది సరిపోతుందో కూడా చెప్పాలిగా? ఆ ప్రశ్న తొవాన్ చేత అడిగిస్తున్నాను.

మా గురించి బెంగపడకు. సంత మధ్యాహ్నానికి కట్టేసి, ఇద్దరం కలిసి కిమ్ లోన్ కొట్టుకి వెళ్తున్నాం. ఆయన కాఫీలో పాలు నేను పోస్తున్నాను. ఆమె ఇంకా అందంగానే ఉంది, నాకింకా మండుతూనే ఉంది. కానీ ఇంట్లో కూర్చుని మండేకంటే ఆయన పక్కన కూర్చుని మండడం నయం.

హుయె


సైగాన్,
జులై 21.

చిన్నీ,

మరిది వచ్చాడు. గుమ్మంలోనే మీ బావతో, "అన్నా, నా పొగరు దీన్ని కాల్చింది" అన్నాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని మెషీను విప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంది. ఫ్యూజూ, ఇంకేవో రెండు చిన్న ముక్కలూ పోయాయట, వేశారు.

మూత బిగించేటప్పుడు తొవాన్ అడిగాడు, "మరి మీ ఇంటికి ఏది సరిపోతుందన్నా?" అని.

ఆయన పైకి చూశాడు. గోడలు చూశాడు. ఈ ఇంట్లోకి ఇప్పుడే వచ్చినవాడిలా చూశాడు. "ఇక్కడ వినేదెవరు?" అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. "నేను" అన్నాను. గట్టిగానే అన్నాను చిన్నీ, చేతిలో అన్నం గిన్నె ఉంది, అది కూడా గట్టిగానే కింద పెట్టాను. "ఊళ్ళో అందరి చెవులూ మీకు గుర్తుంటాయి. నావి కూడా చెవులే. నా చెల్లెలి రేకుల కోసం నిచ్చెన పట్టుకున్నాను, నా కోసం మీరు ఒక్క మేకు కొట్టారా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మరిది తల వంచుకుని స్క్రూలు లెక్కపెట్టుకున్నాడు. మీ బావ మెషీను ఎత్తి మా గదిలో అలమారా మీద పెట్టి, రెండు స్పీకర్లు తగిలించాడు. మరుసటి రోజు కొనడానికి ఒకతను వచ్చి దాన్ని చూసి ముచ్చటపడితే, "అది ఇంటిది" అన్నాడు.

ఇవాళ పొద్దున కాఫీ తాగాక, కొట్టుకి వెళ్ళకుండా దాని పక్కన కూర్చున్నాడు. చిన్న పెట్టె గోడకి పెట్టాడు, మెషీను పెట్టెకి పెట్టాడు. దీపం వెలిగింది. క్యాసెట్ల డబ్బా దగ్గరికి లాక్కుని, "ఏ పాట పెట్టమంటావు?" అన్నాడు.

నాకు ఒక్క పాటా గుర్తు రాలేదు.

ఇన్నేళ్ళు పాటల మధ్యే ఉన్నాను. మెషీన్ల గొంతులు చెప్పగలను. ఏది గీరుకుంటుందో, ఏది బొంగురో చూడకుండా చెప్పగలను. నాకంటూ ఇష్టమైన పాట ఒక్కటి నోటికి రాలేదు. అడగడని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. తీరా అడిగితే ఇవ్వడానికి నా దగ్గర జవాబు లేదు. కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "మీ ఇష్టం" అన్నాను.

"నా ఇష్టం కాదు" అన్నాడు. "ఆలోచించుకో. నేనుంటాను."

కొట్టు తెరిచే వేళ దాటిపోయింది. పక్క కొట్టువాడు రెండుసార్లు కేకేశాడు. ఆయన లేవలేదు, డబ్బా మూత వెయ్యలేదు. ఆలోచించుకుంటూ నీకు ఉత్తరం రాస్తానని చెప్పి రాస్తున్నాను. రాయడం అయిపోయింది. ఆయన ఇంకా అలాగే కూర్చున్నాడు.

అక్క